బృందగానమూ, సింహగానమూ

డిసెంబరు 24వ తేదీ రాత్రి మన గడియారాలలో ఎనిమిదిన్నర అయ్యేసరికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో మధ్యాహ్నం మూడు గంటలవుతుంది. ఆ సమయానికి అక్కడి కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరం నుండి బి.బి.సి. వారు ఒక కార్యక్రమాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేస్తారు. ప్రకటన ముగిసిన తరువాత కొన్ని క్షణాలపాటు ఏమీ వినిపించదు. రేడియో చెడిపోయిందేమోనని మీట తిప్పబోయే చేతిని ఆపుకొనవలె. ఆ నిశ్శబ్దంలో నుండి ఒక బాలుడి కంఠం, ఏ వాద్యమూ తోడు లేకుండా, ఒంటరిగా లేస్తుంది. మొదటి చరణమంతా ఆ పిల్లవాడే పాడుతాడు. రెండవ చరణంలో తక్కిన గాయకులు కలుస్తారు. ఆ తరువాతి చరణాలలో ఆర్గన్ వాద్యమూ, మందిరంలో కూర్చున్న జనమూ గొంతు కలుపుతారు. ఒక దీపంతో ఇంకొక దీపాన్ని, దానితో మరొకదానిని వెలిగించుకుంటూ పోయినట్లు ఉంటుంది.

ఆ మొదటి చరణాన్ని పాడబోయేది ఎవరో చివరి క్షణం వరకు ఆ పిల్లలకే తెలియదు. ఇద్దరు ముగ్గురు సిద్ధపడి ఉంటారు. ప్రసారం మొదలు కావటానికి సరిగా ముందు సంగీత నిర్వాహకుడు వారిలో ఒకనివైపు సైగ చేస్తాడు. ముందుగా చెప్పినట్లయితే ఆ పిల్లవాడు రాత్రంతా నిద్రపోడని వారి అనుభవం. దేశదేశాలలో లక్షలాది మంది చెవి యొగ్గి కూర్చున్న వేళ పదేళ్ళు దాటీ దాటని బాలుడు ఆధారశ్రుతి అందించే వాద్యమైనా లేకుండా గొంతెత్తటం సామాన్యమైన సాహసం కాదు.

ఈ కార్యక్రమంలో బైబిలు నుండి తొమ్మిది ఘట్టాలు చదువుతారు. వాటి నడుమ కీర్తనలు పాడుతారు. ఈ క్రమాన్ని మొదట ఏర్పరచినవాడు ఎడ్వర్డ్ వైట్ బెన్సన్ అనే బిషప్పు. 1880లో, ట్రూరో పట్టణంలో. కింగ్స్ కళాశాలలో ఇది మొదటిసారి జరిగినది 1918 క్రిస్మస్ ముందునాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి ఆరు వారాలే. సైన్యంలో మతాచార్యుడుగా పనిచేసి తిరిగివచ్చిన ఎరిక్ మిల్నర్-వైట్ దీనిని ప్రవేశపెట్టినాడు. 1928లో మొదటిసారిగా రేడియోలో ప్రసారమైనది; 1930వ సంవత్సరం ఒక్కటి మినహాయించి నాటినుండి ఏటేటా సాగుతూనే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బాంబుల భయంచేత ఆ మందిరపు ప్రాచీన వర్ణగవాక్షాలను విప్పి దాచినారు. లోపల చలి కాచుకొనే ఏర్పాటు కూడా లేదు. అయినా పాట ఆగలేదు. శత్రువులకు ఆనవాలు దొరకకూడదని స్థలం పేరు చెప్పకుండా ప్రసారం చేసినారు. పేరు లేని చోటునుండి వచ్చిన ఆ పాటను ఏ యింటివారు ఏ చీకటిలో కూర్చొని విన్నారో ఊహించుకొనవచ్చును.

ఇక, మన సంగీతానికి అలవాటుపడిన చెవికి ఈ బృందగానం మొదట కొంత కొత్తగా తోచటం సహజం. మనకు బృందంగా పాడటం తెలియక కాదు. పండరి భజనలో యాభైమంది పాడవచ్చును. రామకోవెలలో ఊరంతా గొంతు కలపవచ్చును. ఎందరు పాడినా వరుస మాత్రం ఒక్కటే. సినిమా యుగళగీతంలో ఘంటసాల గారు, సుశీల గారు ఒకే వరుసను చెరియొక స్థాయిలో పాడినపుడు కూడా ఆ రెండూ ఒక్క పాటే. పాశ్చాత్య బృందగానంలో అట్లా కాదు. అక్కడ ఒకే క్షణంలో నాలుగు వేర్వేరు వరుసలు నడుస్తూ ఉంటాయి. అన్నిటికంటె పైన సన్నని స్త్రీకంఠాలు లేదా బాలుర కంఠాలు పాడే సొప్రానో. దాని క్రింద ఆల్టో. పురుషులలో హెచ్చుస్థాయివారు పాడే టెనర్. అన్నిటికీ అడుగున బేస్. ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ దానికదే ఒక పాట. నాలుగూ కలిసినప్పుడు పుట్టేది అయిదవ పాట. దానిని పాడినవారెవరూ ఉండరు. వినేవారికి మాత్రమే అది ఉన్నది.

మన శ్రోతకు దీనిని బోధపరచటానికి తంబూరాకు మించిన గురువు లేదు. శ్రద్ధగా శ్రుతిచేసిన తంబూరాలో మీటే తీగెలు షడ్జ పంచమాలే. అయినా కొంతసేపు చెవి నిలిపితే ఎవరూ మీటని అంతర గాంధారం ఒకటి సన్నగా పలుకుతుంది. మన విద్వాంసులు దానిని స్వయంభూ గాంధారమంటారు. తీగె కంపనంలోనే ఆ స్వరం ఇమిడి ఉండటమే దానికి కారణం. షడ్జానికి నాలుగు కంపనలు జరిగేచోట ఈ గాంధారానికి అయిదు, పంచమానికి ఆరు జరుగుతాయి. నాలుగు, అయిదు, ఆరు: ఇంత సరళమైన లెక్క గనుకనే ఆ మూడు స్వరాలు ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. తంబూరా దాచి ఉంచిన ఈ స్వరాలను పైకి తీసి, తలా ఒక గొంతుకూ పంచి ఇవ్వటమే స్వరమేళనానికి మొదటి మెట్టు. హార్మోనియం మీద ఆ గాంధారం ఉండవలసినదానికంటె కొద్దిగా హెచ్చుగా పలుకుతుంది. ఆ వాద్యాన్ని ఆకాశవాణి 1940లో బహిష్కరించి 1971 వరకు గడప తొక్కనీయని సంగతి పాత శ్రోతలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. బహిష్కారానికి కారణాలు వేరే కూడా ఉన్నవి. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. వాద్యం తోడులేని మంచి బృందం మాత్రం హార్మోనియం గాంధారాన్ని పాడదు. ఒకరి గొంతు నొకరు వింటూ తమంత తామే తంబూరా గాంధారం వైపు జరుగుతారు. ఆ క్షణంలో శబ్దానికి ఒక విధమైన నిగ్గు వస్తుంది. రేడియోలో కూడా అది తెలుస్తుంది.

వినే పద్ధతి గురించి ఒకటి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. నాలుగు వరుసలనూ ఒకేసారి పట్టుకొనటానికి ప్రయత్నించి విసిగిపోయేవారు చాలామంది. ఒకే కీర్తనను మూడు నాలుగు సార్లు వినండి. మొదటిసారి పైగొంతును అనుసరించండి. పాట అందులోనే ఉన్నట్లు తోస్తుంది. రెండవసారి మనస్సును బలవంతంగా అడుగుకు దించి బేస్ ఒక్కదానినే వెంబడించండి. ఇంతకుముందు విన్న పాటే మరొక పాటలాగా మారిపోతుంది. పైవారు ఎక్కడ ఎందుకు ఆగినారో, ఎక్కడ ఎందుకు కదిలినారో అప్పుడు తెలుస్తుంది. నడిమి రెండు వరుసలు పట్టుకొనటం కష్టం. వినికిడిలో ముదిరిన తరువాత, అసలు రుచి అక్కడే ఉన్నదనిపిస్తుంది. ఆల్టోవారికి పొగడ్త రాదు. కొన్ని కీర్తనలలో వారు ఒకటే స్వరాన్ని పట్టుకొని అరచరణం నడిపిస్తారు. ఆ ఒక్క స్వరం అటు ఇటు అయితే మేడ అంతా కూలుతుంది.

ఇంకొక ముచ్చట. దీర్ఘమైన స్వరాన్ని బృందం ఎంతసేపు నిలిపినా తెగదు. వారందరూ అన్ని క్షణాలు ఊపిరి బిగబట్టగలరా అని ఆశ్చర్యపోనక్కరలేదు. ప్రక్కవాడు ఊపిరి తీసికొన్నప్పుడు తాను తీసికొనడు. తాను తీసికొన్నప్పుడు ప్రక్కవాడు నిలబడి ఉంటాడు. ఒక్క గాయకుడికి సాధ్యంకానిది పదిమందికి సాధ్యమయ్యే రహస్యం ఇంతే. వాద్యసహాయం లేనప్పుడు బృందం మొత్తానికి శ్రుతి మెల్లమెల్లగా క్రిందికి జారే ప్రమాదం కూడా ఉన్నది. అందరూ కలిసి జారుతారు గనుక ఎవరికీ తెలియదు. చివర ఆర్గన్ అందుకొన్నప్పుడు గుట్టు బయటపడుతుంది.

కట్టడం కూడా గాయకులలో ఒకరే. కింగ్స్ మందిరానికి 1446లో పునాది వేసినారు. విసనకర్రలు విప్పినట్లు రాతితో మలచిన దాని పైకప్పు 1515 నాటికి పూర్తి అయినది. అంతటి పొడవైన, ఎత్తైన రాతిశాలలో గాయకుడు నోరు మూసిన తరువాత కూడా స్వరం కొంతసేపు గాలిలో నిలిచే ఉంటుంది. ముందరి స్వరం ఆరిపోకముందే తరువాతి స్వరం దానిపై వచ్చి వాలుతుంది. ఆ సంగీతాన్ని వ్రాసినవారు ఈ ప్రతిధ్వనిని లెక్కలో వేసికొనియే వ్రాసినారు. అందుకని వేగం తక్కువగా ఉన్నదని మనం తొందరపడకూడదు.

బృందగానం ఎంత దూరం పోగలదో చూపటానికి ఒక్క ఉదాహరణ చాలును. థామస్ టాలిస్ అనే ఆంగ్ల సంగీతకర్త 1570 ప్రాంతంలో నలభై వరుసలతో ఒక రచన చేసినాడు. అయిదేసి కంఠాల బృందాలు ఎనిమిది. నలభైమందీ నలభై వేర్వేరు పాటలు పాడుతారు. ఒక గొంతుతో మొదలై బృందం నుండి బృందానికి ప్రాకుతూ పోయి, ఒక దశలో నలభై కంఠాలూ ఒక్కుమ్మడిగా లేస్తాయి. 2001లో జేనెట్ కార్డిఫ్ అనే కెనడా కళాకారిణి ఈ రచనను నలభై విడి గొంతులుగా ధ్వనిముద్రణ చేయించి, నలభై లౌడ్‌స్పీకర్లను అండాకారంగా నిలిపి, ఒక్కొక్కదానిలో నుండి ఒక్కొక్క కంఠం వినిపించేటట్లు ఏర్పాటు చేసినది. శ్రోత నడుమ నిలబడవచ్చును. లేదా ఏదో ఒక పెట్టెవద్దకు పోయి ఆ ఒక్క మనిషి గొంతునే వినవచ్చును. ఈ నలభై పెట్టెల సంగతి జ్ఞాపకం ఉంచుకొనండి. దీనితో ముందు పని ఉన్నది.

మన దేశంలో ఈ విద్య లేకపోలేదు. మద్రాసు మ్యూజికల్ అసోసియేషన్ బృందం పంతొమ్మిదవ శతాబ్ది చివరినుండి నడుస్తూ ఉన్నది. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాసు యూత్ క్వయర్‌ను నెలకొల్పి, భారతీయ భాషల పాటలకు బహుకంఠ రచన చేసి, సంగీతం రాదనుకొన్నవారిచేత కూడా పాడించినారు. మేఘాలయలోని షిల్లాంగ్ ఛేంబర్ క్వయర్ పేరు 2010 తరువాత ఇంటింటా తెలిసినది. తెలుగు క్రైస్తవ సంఘాలలో పరిస్థితి వేరు. పురుషోత్తమ చౌదరి గారి వంటి పందొమ్మిదవ శతాబ్దపు కవులు రాగతాళాలు నిర్ణయించి కీర్తనలు వ్రాసినారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే రాగం పేరు, తాళం పేరు తలకట్టుగా కనిపిస్తాయి. ఆ పాటలను ఒకే వరుసలో పాడటమే వాటికి అందం. వాటికి బలవంతంగా నాలుగు వరుసలు తగిలించటం రాగాన్ని నలిపివేయటమే అవుతుంది. అదే ఆలయంలో, అదే ఉదయం, ఇంగ్లీషు ఆరాధనలో పిల్లలు నాలుగు వరుసలలో పాడుతారు. రెండు విద్యలూ ఒకే పైకప్పు క్రింద ఉండటం మనకు దక్కిన భాగ్యమని నా అభిప్రాయం.

ఈ బృందగానాన్ని ఇష్టపడే శ్రోత ఇప్పుడు ఒక సినిమాకోసం కూడా ఎదురుచూడవలసిన కారణం ఉన్నది. అది చెప్పటానికే ఇంత ఉపోద్ఘాతం.

సి.ఎస్. లూయిస్ పేరు రేడియో శ్రోతలకు పరాయిది కానక్కరలేదు. ఆయన 1898లో బెల్‌ఫాస్ట్ నగరంలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చిరకాలం సాహిత్యం బోధించి, 1954లో కేంబ్రిడ్జికి ఆచార్యుడుగా మారినాడు. యౌవనంలో నాస్తికుడు. 1931లో మిత్రుడైన టోల్కీన్ మొదలైనవారితో జరిపిన సుదీర్ఘ సంభాషణల ఫలితంగా క్రైస్తవుడైనాడు. 1941 మొదలు 1944 వరకు, యుద్ధం నడుస్తూ ఉండగా, బి.బి.సి. రేడియోలో ఆయన ఇచ్చిన ప్రసంగాలు ఇంగ్లండులో పేరుపొందినవి. అవే తరువాత పుస్తకంగా వచ్చినవి. అంటే ఈయన మొదట చెవికి మాట్లాడటం నేర్చుకొని, ఆ తరువాతనే పిల్లలకు కథలు వ్రాసినాడు. నార్నియా కథలు ఏడు. 1950కి, 1956కి నడుమ వెలువడినవి. వాటిని బిగ్గరగా చదివినవారికి ఆ వాక్యాలు చెవిని ఎరిగినవాడు వ్రాసినవని తెలుస్తుంది.

వింత ఏమిటంటే, గుడులలో పాడే కీర్తనలు లూయిస్‌కు రుచించేవి కావు. కవిత్వమూ తక్కువ రకం, సంగీతమూ తక్కువ రకం అని ఆయన భావించేవాడు. వాగ్నర్ సంగీతాన్ని ప్రేమించిన చెవి అది. కాని కొంతకాలానికి, ఎదుటి వరుసలో మామూలు బూట్లు తొడుగుకొని కూర్చున్న ఒక సామాన్యుడు ఆ కీర్తనలనే నిండు భక్తితో పాడటం చూచి, ఆ మనిషి బూట్లు తుడవటానికి కూడా తాను తగనని తనకు తోచినట్లు ఆయనే చెప్పుకొన్నాడు. ఈ సంగతి కూడా జ్ఞాపకం ఉంచుకొనవలె.

ఈ కథలలో మొదట వెలువడినది ‘సింహము, మంత్రగత్తె, బట్టల అలమార’. యుద్ధకాలంలో లండను విడిచి పల్లెకు పంపబడిన నలుగురు పిల్లలు ఒక అలమారలో దూరి, మంచు కురిసే మరొక లోకంలో తేలుతారు. మంత్రగత్తె పాలనలో అక్కడ ఎప్పుడూ చలికాలమే. పండుగ మాత్రం రాదు. అస్లాన్ అనే సింహం వస్తుంది. ద్రోహం చేసిన పిల్లవాడికి బదులుగా తాను ప్రాణమిచ్చి, తెల్లవారేసరికి లేచి వస్తుంది. అస్లాన్ అంటే తురుష్కభాషలో సింహమనే అర్థం. బైబిలులో క్రీస్తుకు సింహమనే బిరుదు ఉన్నది. నార్నియా వంటి లోకం ఒకటి ఉండి, దేవుని కుమారుడు అక్కడికి పోవలసివస్తే ఏ రూపం ధరిస్తాడు అనే ఊహనుండి ఈ కథ పుట్టినదని లూయిస్ వివరించినాడు. సింహాచలాన్నీ, యాదగిరిగుట్టనూ ఎరిగిన మనవారికి దైవం సింహరూపంలో కనిపించటం వింత కాదు. కాని నరసింహుడు కంబం చీల్చుకొని సంహారానికి వచ్చినాడు. ఈ సింహం వధ్యశిల ఎక్కటానికి వచ్చినది. పోలిక అక్కడితో ఆగిపోతుంది.

2005 డిసెంబరులో ఈ కథ ఆండ్రూ ఆడమ్‌సన్ దర్శకత్వంలో సినిమాగా వచ్చినది. సంగీతం కూర్చిన హ్యారీ గ్రెగ్సన్-విలియమ్స్ బాల్యంలో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాల మందిరంలో పాడిన క్వయర్ పిల్లవాడు! చిత్రంలో బృందకంఠాలు వినిపించే చోట్ల ఆ పెంపకం తెలుస్తుంది. తరువాత 2008లో, 2010లో మరి రెండు కథలు తెరకెక్కినవి. చిత్రాలు చూడదగ్గవే, మొదటిదానిలో మంచు, దీపస్తంభం, చిన్నపిల్ల లూసీ ఆశ్చర్యం బాగుగా కుదిరినవి. యుద్ధఘట్టాలు మాత్రం కథకు మించి పెరిగినవి. ఖడ్గాల చప్పుడులో సింహం మాట సన్నగిల్లినది.

నేను ఎదురుచూచేది ఆ పరంపరలోని మరొక కథ, ‘మాంత్రికుని మేనల్లుడు’. 1955లో ఆరవదిగా వెలువడినా కథాక్రమంలో ఇదే మొదటిది. నార్నియా లోకం పుట్టుక ఇందులో ఉన్నది. నెట్‌ఫ్లిక్స్ సంస్థవారు 2018లో నార్నియా కథలను తెరకెక్కించే ఒప్పందం కుదుర్చుకొన్నారు. ‘లిటిల్ విమెన్’, ‘బార్బీ’ చిత్రాలు తీసిన గ్రేటా గెర్విగ్ ఈ కథను సినిమాగా తీసే పనికి పూనుకొన్నారు.

ఆ ఘట్టం ఇట్లా నడుస్తుంది. డిగరీ, పాలీ అనే ఇద్దరు పిల్లలు, డిగరీ మామయ్య ఆండ్రూ, ఒక దుష్టరాణి, లండను వీధిలో గుర్రబండి తోలుకొనే ఒక సామాన్యుడు, అతని గుర్రం, వీరందరూ ఉంగరాల మాయచేత ఒక శూన్యంలో పడతారు. నేల ఉన్నది గాని ఏమీ లేదు, కటికచీకటి. అందరూ హడలిపోయిన ఆ సమయంలో ధైర్యం చెప్పినవాడు బండివాడు. ఏదైనా కీర్తన పాడుకొందామని, పంటకోతలనాడు గుడిలో పాడే పాట ఒకటి ఎత్తుకొంటాడు. పిల్లలు గొంతు కలుపుతారు. పాట ముగిసిన కొంతసేపటికి, చీకటిలో ఎక్కడో దూరాన మరొక గొంతు పాడటం మొదలవుతుంది. మాటలు లేవు. వరుస ఉన్నదో లేదో కూడా చెప్పలేరు. ఒకసారి నలుదిక్కులనుండి, ఒకసారి కాళ్ళక్రింది మట్టిలోనుండి వస్తున్నట్లు ఉంటుంది. అంతలో రెండు అద్భుతాలు ఒకేసారి జరుగుతాయి. లెక్కలేనన్ని సన్నని కంఠాలు ఆ గొంతుతో మేళవించి హెచ్చుస్థాయిలో పాడుతాయి. అదే క్షణంలో ఆకాశం నిండా నక్షత్రాలు వెలుగుతాయి. పాడుతున్నవి నక్షత్రాలే. ఆ తరువాత సూర్యోదయం. పాడేది సింహమని అప్పుడు కనిపిస్తుంది. పాట మారినప్పుడల్లా గడ్డి ప్రాకుతుంది, చెట్లు లేస్తాయి, నేల ఉబ్బి జంతువులు పుట్టుకొస్తాయి.

అడుగున బేస్, ఆ పైన సొప్రానో! లోకమంతా ఒక క్వయర్ క్రమంలో పుట్టింది. కీర్తనలు రుచించవన్న మనిషే దీనిని వ్రాసినాడు. ఈ ఊహ పూర్తిగా ఆయన సొంతమనలేము. బైబిలులోని యోబు గ్రంథంలో సృష్టివేళ ఉదయనక్షత్రాలు కలిసి పాడినట్లు ఉన్నది. టోల్కీన్ కూడా దేవగణాల బృందగానం నుండి లోకం పుట్టినట్లు కథ వ్రాసినాడు. అది ఆయన మరణానంతరం 1977లో అచ్చయినది. నాదంనుండి సృష్టి అనే భావన మనకూ చిరపరిచితమే. కాని లూయిస్ చేర్చినది మరొకటి ఉన్నది. అది ఆండ్రూ మామయ్య.

ఆ పాటను అందరూ వింటారు. బండివాడు పొంగిపోతాడు. దుష్టరాణికి అది అర్థమవుతుంది, అర్థమైనందువల్లనే ద్వేషిస్తుంది. ఆండ్రూ మామయ్యకు మాత్రం ఆ పాట నచ్చదు. అది తనను ఏవేవో తలచుకొమ్మని, అనుభవించుమని అడుగుతున్నట్లు ఉంటుంది. సూర్యుడు వచ్చి సింహం కనిపించగానే ఆయనకు ఒక ఊతం దొరుకుతుంది. సింహం పాడటమేమిటి, అది వట్టి గర్జనే అని తనకు తాను నచ్చజెప్పుకొంటాడు. నచ్చజెప్పుకొనగా నచ్చజెప్పుకొనగా నిజంగానే గర్జన తప్ప మరేమీ వినిపించని దశకు వస్తాడు. తరువాత జంతువులు మాట్లాడినా ఆయనకు అరుపులే. చెవి చెడలేదు, వినే ఇష్టమే చచ్చింది. లూయిస్ మతాన్ని అంగీకరించని పాఠకుడు కూడా ఈ ఘట్టాన్ని కాదనలేడు. కొత్త సంగీతం ఎదుట మనమందరమూ ఏదో ఒకనాడు ఆండ్రూ మామయ్య కుర్చీలో కూర్చున్నవారమే. త్యాగరాజ కృతి విని ఏడుపన్న దొరలూ ఉన్నారు. క్వయర్ విని గోల అన్న మనవారూ ఉన్నారు.

ఇటువంటి ఘట్టాన్ని సినిమాగా తీయటం ఎట్లా? పుస్తకంలో ఆ పాట వినిపించదు. ఇంతకుముందు ఎవరూ వినని అందమని వ్రాస్తే మన మనస్సు దానిని నింపుకొంటుంది. సినిమాలో దానిని ఎవరో ఒకరు నిజంగా పాడవలె. ఇది పెద్ద చిక్కు. నూరు వయొలిన్లు, డప్పులు, హోరెత్తే కంఠాలు కుమ్మరించి గెలవాలనే ఆశ నిర్మాతలకు తప్పక కలుగుతుంది. అట్లా చేస్తే అది ఏ సినిమాలోనైనా వినిపించే సంగీతమే అవుతుంది. ఆ గానానికి కావలసినది కింగ్స్ మందిరంలోని క్రమం: మొదట నిశ్శబ్దం, తరువాత ఒక్క గొంతు, ఆ గొంతు మన చెవిలో స్థిరపడేవరకు ఓపిక, ఆ తరువాతనే మేళనం. నక్షత్రాలు పాడే చోట టాలిస్ మార్గం ఉండనే ఉన్నది. నేటి సినిమాహాలులో ప్రేక్షకుని ముందు, వెనుక, ప్రక్కల, నెత్తిమీద కూడా లౌడ్‌స్పీకర్లు ఉన్నవి. జేనెట్ కార్డిఫ్ నలభై పెట్టెలతో చేసినది అక్కడ చేయవచ్చును. ఒక్కొక్క మూలనుండి ఒక్కొక్క కంఠం అందుకొంటూ వస్తే, ప్రేక్షకుడు తలయెత్తి నక్షత్రాలను చెవితో చూస్తాడు.

అన్నిటికంటె పెద్ద పరీక్ష చీకటి. కథ ప్రకారం ఆ పాట మొదలయ్యేటప్పుడు కనిపించేది ఏమీ లేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు తెర నల్లగా ఉండవలె. వేలమందిని కూర్చోబెట్టి ఏమీ చూపకుండా ఉండటానికి చిత్రదర్శకులకు ధైర్యం చాలదు. ఏదో ఒక వెలుగు, ఒక ముఖం చూపనిదే వారికి నిలకడ ఉండదు. రేడియోవారికి ఈ భయం లేదు. మన తెర ఎప్పుడూ నల్లనిదే. చీకటిలో నుండి గొంతు రావటం, ఆ గొంతునుండి లోకం లేవటం మన ఇళ్ళలో నిత్యం జరిగే పని. కనుక ఈ చిత్రంలోని ఆ ఘట్టాన్ని తూచటానికి రేడియో శ్రోతలకంటె యోగ్యులు లేరని నేను నమ్ముతాను. ఆ రోజున హాలులో ఒక్కసారి కళ్ళు మూసికొని వినండి. కళ్ళు మూసినప్పుడు కూడా లోకం పుడుతూ ఉంటే చిత్రం నెగ్గినట్లే.

అంతవరకు చేయదగిన పని ఒకటి ఉన్నది. ఈ డిసెంబరులో మీ దగ్గరలోని ఏ ఆలయంలోనైనా క్రిస్మస్ కీర్తనల సాయంకాలం జరిగితే పోయి వినండి. మతభేదం చూచి గుమ్మంలో ఆపేవారెవరూ ఉండరు. వెనుక వరుసలో కాక నడుమ కూర్చొనండి. నాలుగు కంఠాలూ సమంగా అందుతాయి. ఆరాధనలో భాగమైనప్పుడు చప్పట్లు కొట్టరు. కచేరీ అయితే, ఒక రచనలోని భాగాల నడుమ కాక, చివర కొట్టవలె.

సినిమాలో మాత్రం నేను మొట్టమొదట వెదకబోయేది సింహాన్ని కాదు. సింహం పాడటానికి ముందు, ఆ శూన్యంలో, భయపడినవారికోసం గొంతెత్తిన బండివాని పంటకీర్తన ఉన్నదే, లూయిస్ వంటి మనిషికి రుచించని రకం పాట, దానిని చిత్రంలో ఉంచినారా, నిడివి ఎక్కువైనదని కత్తిరించినారా అనేది చూడవలసి ఉన్నది.